కారు బ్యాటరీ మార్చాక రిమోట్ తాళం పనిచేయట్లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా కారు ఏడేళ్ల పాతది, పుష్ బటన్ స్టార్ట్. మొన్న ఆదివారం బ్యాటరీ పూర్తిగా దిగిపోతే మెకానిక్ ఇంటికొచ్చి కొత్తది వేశాడు. అప్పటి నుంచి రిమోట్‌తో డోర్లు తెరుచుకోవట్లేదు, లాక్ కూడా పడట్లేదు.

బటన్ నొక్కితే రిమోట్ మీది చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. అయినా అనుమానంతో లోపలి సీఆర్ 2032 సెల్ మార్చాను. మల్టీమీటర్‌తో చూస్తే సెల్ 3.1 వోల్టులు, కారు బ్యాటరీ 12.6 ఉన్నాయి. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే ఇంజిన్ స్టార్ట్ అవుతోంది. జేబులో ఉంటే మాత్రం తాళం లేదనే గుర్తు వస్తోంది. బీరువాలోని రెండో రిమోట్‌దీ ఇదే వరస. మెకానిక్ కొత్త రిమోట్ కొనమంటున్నాడు. రెండూ ఒకే రోజు ఎలా పాడవుతాయండి? నాకైతే తేడా కారు వైపే ఉందనిపిస్తోంది. బ్యాటరీ బిగించేటప్పుడు టెర్మినల్ దగ్గర రెండుసార్లు నిప్పురవ్వలు లేచాయి, నేను పక్కనే ఉండి చూశాను.

రిమోట్‌లో దాచి ఉండే ఇనుప తాళంతో డోరు తీస్తే అలారం మోగుతోంది. నిన్న రాత్రి పక్కింటి పసిపాప ఉలిక్కిపడి లేచింది, చాలా బాధేసింది.

ఏ ఫ్యూజ్ ముందు చూడాలి? రిమోట్‌ను ఇంట్లోనే కారుతో మళ్లీ కలుపుకోవచ్చా, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ కావాల్సిందేనా? శనివారం అమ్మను చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్లాలి, దారిలో కారు మొరాయిస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలా ఎదురైనవాళ్లు దయచేసి చెప్పండి.