వేడి మీదున్నప్పుడే మొరాయిస్తున్న కారు: ఏ పార్టును అనుమానించాలి?

ప్రశ్న:
నాది పాత పెట్రోల్ కారు, ఇంజెక్షన్ బండి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఎంత దూరం నడిపినా ఇబ్బంది లేదు. బాగా తిప్పి ఆపాక, ఓ పావుగంట ఆగి మళ్లీ తీద్దామంటేనే గోల మొదలు. ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. ఇంకాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. విచిత్రం ఏంటంటే, ఆపిన వెంటనే తాళం తిప్పితే చాలాసార్లు బాగానే ఉంటుంది! చెక్ ఇంజిన్ లైట్ రాలేదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది. ఒక మెకానిక్ బ్యాటరీ అన్నాడు, ఇంకొకాయన పెట్రోల్ పంపు అన్నాడు. ఎక్కడైనా దిగి పని చూసుకుని రావాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
చల్లగా ఉన్నప్పటి వేగంతోనే తిరుగుతోందా, లేక బరువుగా ఈడుస్తోందా? ఈడుస్తుంటే సెల్ఫ్ మోటార్, ఎర్త్ వైరు చూడాలి. గిరగిరా తిరుగుతోందంటే బ్యాటరీ జోలికి పోవద్దు.

జవాబు 2:
పైన చెప్పింది నిజం. ఇక ఆ పావుగంట సంగతి. బండి ఆపగానే కూలెంట్ తిరగడం, ఎదురుగాలి రెండూ ఆగిపోతాయి. ఇంజిన్‌లోని వేడి పోయే దారి లేక చుట్టూ ఉన్న సెన్సర్లకు, పెట్రోల్ పైపులకు ఎక్కుతుంది. అంటే బానెట్ కింద అసలు వేడి ఆపాకే పెరుగుతుంది. మీకు వెంటనే స్టార్ట్ అయి, కాసేపటికి కాకపోవడం అందుకే కావచ్చు.

పార్టులు కొనకముందు, మొరాయిస్తున్న ఆ క్షణంలోనే ఈ పనులు చేయండి. చల్లారాక స్కానర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలు చూపే పరికరం) పెట్టించి లాభం లేదు, అప్పుడన్నీ బుద్ధిగానే ఉంటాయి.

ముందు తాళం ఆన్‌లో రెండు మూడు సెకన్లు ఉంచి ఆపండి. రెండు మూడుసార్లు అలా చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే పెట్రోల్ లైనులో ప్రెజర్ నిలవట్లేదు: పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వో, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోందో.

దానికి లొంగకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపిస్తుంది. దగ్గుతూ అందుకుని పెట్రోల్ వాసన కొడితే, లోపల పెట్రోల్ ఎక్కువైనట్టు. అప్పుడు ఇంజెక్టర్లతో పాటు కూలెంట్ సెన్సర్‌నూ అనుమానించాలి. ఇంజిన్ కాలిపోతున్నా అది ‘చల్లగా ఉంది’ అని చెబితే కంప్యూటర్ పెట్రోల్ కుమ్మరిస్తుంది. మీ ముల్లు మధ్యలో ఉందని దాన్ని వదిలేయకండి. కొన్ని పాత బండ్లలో ముల్లుకు ఒక సెన్సర్, కంప్యూటర్‌కు ఇంకొకటి ఉంటాయి.

రెండిటికీ లొంగకపోతే నా ఓటు క్రాంక్ సెన్సర్‌కే, అంటే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చెప్పేదానికి. వేడికి లోపలి చుట్టలో తీగ విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు చూడండి. పొద్దున కాస్త లేచి, మొరాయించినప్పుడు సున్నా మీదే పడుకుంటే దాదాపు అదే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ ముల్లు అసలు కదలని బండ్లూ ఉన్నాయి, అందుకే రెండూ పోల్చాలి. స్కానర్‌లో లైవ్ ఆర్‌పీఎం చూస్తే ఇంకా మేలు.

ప్రశ్న అడిగినవారు:
తాళం ఆన్-ఆఫ్ చేస్తే మార్పు లేదు. యాక్సిలరేటర్ తొక్కినా అంతే, వాసన కూడా లేదు. ఆర్‌పీఎం ముల్లు మాత్రం పొద్దున చిన్నగా కదిలింది, మధ్యాహ్నం మొరాయించినప్పుడు అస్సలు కదల్లేదు. సెన్సర్ కొనేయనా?

జవాబు 2:
ఒక్క పని చేసి కొనండి. ఈసారి మొరాయించినప్పుడు, సెల్ఫ్ కొట్టకుండా, సెన్సర్ ఒక్కదాని మీదే తడిగుడ్డ కాసేపు అదిమి పట్టండి. సైలెన్సర్ పైపుకు చెయ్యి తగలనివ్వకండి, బెల్టు దగ్గరికి గుడ్డ పోనివ్వకండి. సెన్సర్ చల్లబడగానే స్టార్ట్ అయితే ఇక దాదాపు సందేహం అక్కర్లేదు.

మార్చేటప్పుడు కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడండి. వేడికి వైరు పైతొడుగు పెళుసెక్కి లోపల తీగ తెగినా ఇవే లక్షణాలు. అలా ఉంటే కొత్త సెన్సర్ వేసినా పాత కథే.

జవాబు 1:
కంపెనీదే వేయించండి. చవకరకం సెన్సర్లు కొన్ని వేడికి ఇలాగే చేతులెత్తేస్తాయి.