ఎంటర్‌ప్రైజ్ మోడల్‌కి లైట్లు: వెలుగు లీకవుతోంది

ప్రశ్న: పోలార్ లైట్స్ కంపెనీ 1/1000 ఎంటర్‌ప్రైజ్ (స్టార్ ట్రెక్ అంతరిక్ష ఓడ) కిట్‌లో తెల్ల ఎల్ఈడీలు పెడుతున్నాను. వెలిగిస్తే కిటికీల కన్నా సాసర్ (ఓడ ముందున్న పళ్లెంలాంటి భాగం) ప్లాస్టిక్కే ఎక్కువ మెరుస్తోంది. అతుకులోంచీ వెలుగు వస్తోంది. 9 వోల్టుల బ్యాటరీకి రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) ఎంత వేయాలి?

జవాబు: లోపలివైపు ముందు నలుపు రెండు పూతలు, ఆరాక పైన తెలుపు వేయండి. నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు దాన్ని లోపలే చెదరగొడుతుంది. అతికించే అంచుల మీద మాత్రం రంగు గీకేయాలి. సిమెంట్ (మోడల్ జిగురు) ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, మధ్యలో రంగుంటే పట్టదు. అప్పటికీ లీకైతే అతుకు వెనక అల్యూమినియం ఫాయిల్ పట్టీ చాలు.

జవాబు: కిటికీలకు 0.5 మి.మీ. ఫైబర్ (వెలుగును మోసే సన్నని ప్లాస్టిక్ తీగ) వాడండి. ఈ వెయ్యో వంతు స్కేలులో అదే అర మీటరు కిటికీ! అంతకన్నా లావైతే ఓడ ఆటబొమ్మలా కనిపిస్తుంది. ఫైబర్‌ని సూపర్ గ్లూతో అతికించొద్దు, పెళుసెక్కి విరుగుతుంది. లోపలి నుంచి ఫెవికాల్ పెట్టి, బయట 5 మి.మీ. వదిలేయండి. పై రంగంతా అయ్యాకే కోయాలి, లేకపోతే కొసలు రంగుతో మూసుకుపోతాయి.

జవాబు: తెల్ల ఎల్ఈడీకి సుమారు 3.2 వోల్టులు కావాలి. ఒక్కదానికి 330 ఓమ్స్. రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) అయితే 180, కరెంటు సుమారు 14 మిల్లీయాంపులు ఉంటుంది. మూడు సిరీస్‌లో పెడితే 9.6 వోల్టులు కావాలి, సరిగా వెలగవు. ప్యారలల్‌లో (ప్రతిదాన్నీ విడిగా బ్యాటరీకి కలిపితే) ప్రతిదానికీ విడి రెసిస్టర్. బ్యాటరీ స్టాండులో పెట్టండి, సాసర్ మూసేముందు గంటసేపు వెలిగించి చూడండి.