60 వేల రూపాయల ఆంప్లిఫైయర్: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు?

జయనగర్_వోల్ట్
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఇద్దరం కలిసి క్లాస్ ఏబీ రకం ఇంటిగ్రేటెడ్ ఆంప్ (వాల్యూమ్ కంట్రోలూ, పవర్ ఆంపూ ఒకే పెట్టెలో ఉండే ఆడియో ఆంప్లిఫైయర్) చేస్తున్నాం, 8 ఓముల దగ్గర ఛానెల్‌కి 60 వాట్లు. మొదటి బ్యాచ్ 50. ఒక్కోదానికి, ఇక్కడి పీణ్య పారిశ్రామికవాడలో చేయించే క్యాబినెట్ 8,500, ట్రాన్స్‌ఫార్మర్, ఫిల్టర్ కెపాసిటర్లు 7,000, బోర్డులు, ట్రాన్సిస్టర్లు 5,500, బిగింపు, టెస్టింగ్ 3,000. మొత్తం 24,000. డిజైన్‌కీ ప్రోటోటైపులకీ ఇప్పటికే 5 లక్షలైంది. జీఎస్టీతో కలిపి 60,000కి అమ్మాలని ఆలోచన. స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ స్టేజీ, రిలేలతో (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులతో) నడిచే రిలే వాల్యూమూ రెండూ కొత్త డిజైనే. సౌండ్ చెడకుండా ఎక్కడ తగ్గించాలి? డీలర్‌కి ఇవ్వాలా, నేరుగా అమ్మాలా?

లెక్కలపుస్తకం
60,000లోంచి 18 శాతం జీఎస్టీ తీసేస్తే 50,847. డీలర్ అందులో 30 శాతం తీసుకుంటే మీ చేతికి 35,600. తయారీకి 24,000, వారంటీకి 1,500, ప్యాకింగ్, రవాణాకి 1,500 పోతే 8,600. డిజైన్ ఖర్చు ఒక్కోదాని మీద 10,000 పడుతుంది కదా. అంటే ప్రతి పీసుకీ 1,400 ఎదురు పెట్టుకుంటున్నారు. అదే ధరకి నేరుగా అమ్మితే పేమెంట్ గేట్‌వే ఖర్చు పోయినా 12,600 దాకా మిగులుతుంది. మొదటి 50కి డీలర్ వద్దు.

టొరాయిడ్_బాబాయ్
కొత్తదనం ఒక్కచోటే పెట్టండి. రిలే వాల్యూమ్ ఉంచుకోండి: 6 రిలేలతో 64 మెట్లు వస్తాయి, తక్కువ వాల్యూమ్‌లో కూడా రెండు ఛానెళ్లూ సమానంగా ఉంటాయి. మామూలు పొటెన్షియోమీటర్ (తిప్పే వాల్యూమ్ కంట్రోల్) తేలిపోయేది సరిగ్గా అక్కడే. అవుట్‌పుట్ స్టేజీ మాత్రం 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్ల జతతో అందరూ వాడి నిలబడినదే పెట్టండి. అది కాలితే స్పీకర్ కూడా పోతుంది, మీ వారంటీ డబ్బంతా దానికే అయిపోతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో వైర్లు, స్క్రూలు, కనెక్టర్లు కొనుక్కోండి గానీ ఈ ట్రాన్సిస్టర్లు అధీకృత డిస్ట్రిబ్యూటర్ బిల్లు లేకుండా కొనొద్దు. నకిలీది పగలగొట్టి చూస్తే లోపలి సిలికాన్ ముక్క అసలుదానికన్నా చిన్నగా ఉంటుంది.

హీట్‌సింక్‌లో (ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల్లో) పిసినారితనం వద్దు. ±39 వోల్టుల సప్లై మీద 8 ఓములకి ఛానెల్‌కి గరిష్ఠంగా 38 వాట్ల వేడి పుడుతుంది. వాట్‌కి 0.5 డిగ్రీల సింక్ అయితే 19 డిగ్రీలు పెరుగుతుంది. చెన్నై ఎండాకాలంలో గదే 40 ఉంటే సింక్ 59కి చేరుతుంది. 4 ఓముల స్పీకర్ తగిలిస్తే ఆ వేడి రెట్టింపు.

ఖర్చు తగ్గించాల్సింది ఆంప్ ముందువైపు ప్లేటులో. 10 మిల్లీమీటర్ల అల్యూమినియం బదులు 4 చాలు, సింకులనే పక్క గోడలుగా వాడండి, మిషనింగ్ టైము బాగా తగ్గుతుంది. ప్లేటూ నాబూ ఒకే 6063 అల్లాయ్‌లో, ఒకే లాట్‌లో అనోడైజ్ (అల్యూమినియానికి రంగు పూత పట్టించే పద్ధతి) చేయించండి. లేకపోతే రెండిటి రంగూ కలవదు. కొన్ని పాడైనా సరిపోయేలా 50కి 55 ప్లేట్లు చెప్పండి.

మైలాపూర్_స్పీకర్
డీలర్ వద్దనడం నాకు నచ్చలేదు. చెన్నైలో గానీ మరెక్కడ గానీ, చెవితో వినకుండా ఇంత డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. ఇవాళ 60,000 అని రేపు డీలర్ కోసం పెంచితే కొత్త కస్టమర్లు దూరమవుతారు. మొదటిరోజు నుంచే 70,800 రాయండి, అంటే జీఎస్టీ కాక 60,000. డీలర్‌కి 18,000 ఇచ్చినా, పై ఖర్చులన్నీ పోయినా 5,000 మిగులుతుంది. మొదటి 20 మాత్రం పరిచయ ధర అని స్పష్టంగా రాసి మీరే 60,000కి అమ్మండి.

జయనగర్_వోల్ట్
ధర సంగతి అర్థమైంది, 70,800కే వెళ్తాం. అవుట్‌పుట్ స్టేజీ మారుస్తాం. బాబాయ్ గారూ, ట్రాన్స్‌ఫార్మర్ 300 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యం, అవుట్‌పుట్ 28-0-28 వోల్టులు. రాత్రిపూట గుర్రుమంటోంది, కారణం ఏమై ఉంటుంది?

టొరాయిడ్_బాబాయ్
రాత్రి లోడు తగ్గి లైను 250 వోల్టుల దాకా ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేషన్ (ఇక అయస్కాంత ఫ్లక్స్ మోయలేని స్థితి) దగ్గరికి పోతుంది. మెయిన్స్‌లో కాస్త డీసీ కలిసినా అంతే. ఫ్లక్స్ 1.2 టెస్లా దాటకుండా 250 వోల్టులకి చుట్టమని వైండర్‌తో చెప్పండి. రాగి, కోరు కాస్త పెరిగి ధర పెరుగుతుంది, ప్లేటులో మిగిల్చింది ఇక్కడ పెట్టండి. ప్రతి పీసునీ మొదటిసారి మెయిన్స్‌కి సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టే ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. బల్బు తీసేసి 20 నిమిషాలు వేడెక్కనిచ్చాక, 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టర్ మీద 22 మిల్లీవోల్టులు వచ్చేలా బయాస్ (పాట లేనప్పుడు ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) పెట్టండి.