వేసవి అనబోయి కత్తి అంటున్నానట: తెలుగు అక్షరాల్లో నేర్చుకున్న ఖురాన్ సూరాలను (అధ్యాయాలను) ఎలా సరిచేసుకోవాలి?

ప్రశ్న

అస్సలాము అలైకుమ్. మాది పల్నాడు వైపు పల్లెటూరు. నూర్‌బాషాలం, ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, నాకు ఉర్దూ రాదు. కొన్ని సూరాలు మా అమ్మ నోటి నుంచి విని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక తెలుగు అక్షరాల్లో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి మరికొన్ని వచ్చాయి. ఇప్పుడు నాకు 46 ఏళ్లు. ఇన్నేళ్లుగా నమాజులో అవే చదువుతున్నాను.

మా చిన్నమ్మాయికి తొమ్మిదేళ్లు, సాయంత్రం మదరసాకి వెళ్తుంది. మొన్న మగ్రిబ్ (సాయంత్రం నమాజు) అయ్యాక నా పక్కన కూర్చుని, "అమ్మా, నువ్వు వేసవికాలాన్ని కత్తి అంటున్నావు" అంది. ఖురైష్ సూరాలో చలికాలపు ప్రయాణం, వేసవి ప్రయాణం అని వస్తుంది కదా, "రిహ్లతష్షితాఇ వస్సైఫ్" అని. అక్కడ ఉండాల్సింది సాద్ అనే అరబీ అక్షరం. నేను పలికేది సీన్ అనే అక్షరం. సీన్‌తో సైఫ్ అంటే కత్తి అట. నా పుస్తకంలో రెండింటికీ ఒకటే 'స'.

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అలఖ్ సూరాలో "ఖలఖల్ ఇన్సాన మిన్ అలఖ్". మూడు 'ఖ'లు. పాప తన నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే పుస్తకం) తెచ్చి పక్కన పెట్టింది. మొదటిది వేరే అక్షరం, మిగతా రెండూ ఖాఫ్ అనే వేరే అక్షరం, చూడ్డానికి పోలికే లేదు. "అలీమ్" అయితే మరీ ఘోరం. ఐన్ అనే అక్షరంతో పలికితే అంతా తెలిసినవాడు. హమ్జా అనే అక్షరంతో పలికితే బాధ పెట్టేది. బఖరా సూరా 10వ ఆయతులో (వాక్యంలో) శిక్ష గురించి చెప్పే అలీమ్ ఉంది, 32లో అల్లాహ్ గురించి చెప్పే అలీమ్ ఉంది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే మాట. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

ఈ వయసులో నాలుక తిరుగుతుందా? ముందు ఏ అక్షరం పట్టుకోవాలి? చదివేసిన నమాజుల సంగతేంటి? మా ఊళ్లో ఆడవాళ్లకి నేర్పే ఆపా ఎవరూ లేరు.

జవాబు 1 (గుంటూరులో ఆడపిల్లలకు ఖురాన్ నేర్పుతాను)

వ అలైకుముస్సలామ్ అక్కా. తడబడుతూ, కష్టపడుతూ చదివేవాళ్లకి రెండు పుణ్యాలు అని ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీసు బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. ముందు ఆ మాట మనసులో పెట్టుకోండి. పాత నమాజుల మసలా (ధర్మ నిర్ణయం) మాత్రం దగ్గర్లో ఉన్న ఆలిమ్‌ని (ధర్మ పండితుణ్ణి) అడగండి, అది చెప్పేంత చదువు నాది కాదు.

తప్పుల్లో లహ్నె జలీ, లహ్నె ఖఫీ (చిన్న తప్పు) అని రెండు రకాలు. అక్షరం మారినా, జబర్ ('అ' గుర్తు) పోయి పేష్ ('ఉ' గుర్తు) వచ్చినా జలీ, అంటే పెద్ద తప్పు. ఫాతిహాలో "అన్అమ్త" అనాల్సిన చోట "అన్అమ్తు" అంటే 'నువ్వు అనుగ్రహించావు' కాస్తా 'నేను అనుగ్రహించాను' అయిపోతుంది. మీరు ముందు జలీ మీదే పని చేయండి. గున్నా (ముక్కుతో పలకడం) సరిపోయిందా, మద్దు (అచ్చు సాగదీయడం) ఎన్ని లెక్కలు లాగాలి అనే టెన్షన్ ఇప్పుడే వద్దు.

ఖాఫ్‌తో మొదలుపెట్టండి. ఇఖ్లాస్ సూరా రోజూ చదువుతాం. ఖాఫ్‌తో ఖుల్ అంటే 'చెప్పు'. కాఫ్‌తో కుల్ అంటే 'తిను'. ఏ అక్షరం ఎక్కడ పుడుతుందో పట్టుకోవడానికి ఉస్తాదులు చెప్పే పద్ధతి ఒకటుంది: ముందు 'అ' పెట్టి, అక్షరాన్ని సుకూన్‌తో (అచ్చు లేకుండా) ఆపాలి. "అక్" అని ఆపి, నాలుక ఎక్కడ తగిలిందో గమనించండి. ఇప్పుడు ఆ తగిలే చోటుని ఇంకా వెనక్కి, కొండనాలుక దగ్గరికి జరపండి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకోండి. కాఫ్‌కి కాస్త గాలి తగులుతుంది, ఖాఫ్‌కి తగలకూడదు. మీ పుస్తకంలో ఒత్తు 'ఖ' రాశారు కాబట్టి మీరు గాలి వదులుతూ ఉంటారు. ఆ ఒత్తు మర్చిపోండి.

సాద్ మీకు తొందరగానే వస్తుంది. నాలుక కొన సీన్‌కి ఉన్నచోటే ఉంచి, వెనక భాగాన్ని అంగిలి వైపు లేపండి. నోరు నిండినట్టు ఉంటుంది. మా పిల్లలు ఇక్కడ పెదాలు సున్నాలా చుడతారు, అది వద్దు. పని చేయాల్సింది నాలుక.

హాలు రెండు. కళ్లజోడు తుడిచేముందు అద్దం మీద ఊదుతాం చూడండి, అది "హువ"లో హా. అదే గాలిని గొంతు మధ్యలో బిగించి, రాసుకుంటూ పంపితే "అల్‌హమ్దు"లో హా. కౌసర్ సూరాలో "వన్‌హర్" అంటే ఖుర్బానీ ఇవ్వు అని. తేలిక హా పెడితే గదమాయించు అని అర్థం వస్తుంది.

జవాబు 2 (కడప జిల్లా, ప్రస్తుతం కువైట్‌లో డ్రైవర్‌ని)

అక్కా, అరబ్బులకి ఇవన్నీ పుట్టుకతో వచ్చేస్తాయని నేనూ అనుకునేవాణ్ణి. ఇక్కడ కువైటీలు కాఫీని ఖహ్వా అనరు, గహ్వా అంటారు. కోడిని దిజాజ్ అనాల్సింది దియాయ్ అంటారు. నా రూములో ఉండే ఈజిప్టు అన్నకి ఖాఫ్ మొత్తానికే మాయం, అహ్వా అంటాడు. అదే మనిషి నమాజులో నిలబడితే ప్రతి ఖాఫ్ గొంతు పైనుంచి టక్కున పడుతుంది. ఎలా అని అడిగితే, చిన్నప్పుడు ఊళ్లో షేఖ్ ముందు కూర్చుని నేర్చుకున్నానన్నాడు. వాళ్లు కూడా కూర్చుని నేర్చుకోవాల్సిందే.

వినడానికి ఈజిప్టు ఖారీ (ఖురాన్ పారాయణకారుడు) మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారిది పెట్టుకోండి. ఖురాన్ మొత్తం మురత్తల్‌గా (నిదానంగా, స్పష్టంగా చదివే తీరులో) మొట్టమొదట రికార్డు చేసింది ఆయనే, 1960ల మొదట్లో. ఒక్కో అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. మరో ఈజిప్టు ఖారీ మిన్షావీ గారు చదువుతుంటే వెనకాల పిల్లలు తిరిగి చెప్పే రికార్డింగు కూడా ఉంది. నేను బండిలో అదే పెట్టుకుని ఆ పిల్లలతో పాటు చెబుతుంటాను.

జవాబు 3 (ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారిని)

అమ్మా, మన తెలుగు నోటికి కలిసొచ్చేవీ ఉన్నాయి, అడ్డుపడేవీ ఉన్నాయి. మన త, ద పళ్లకి తగిలే దంత్యాలు కాబట్టి అరబీ తా, దాల్ దాదాపు సరిగ్గానే వస్తాయి. తోయ్ (బరువైన 'త') దగ్గరే చిక్కు. బరువుగా పలకాలని మనవాళ్లు 'ట' వైపు పోతారు. ట పలకాలంటే నాలుక మడతపడి అంగిలికి తగలాలి. తోయ్‌కి మడత లేదు, కొన 'త' దగ్గరే ఉంటుంది, సాద్‌కి లేపినట్టే వెనక భాగం లేస్తుంది. "సిరాత్" చివర ఇది చూసుకోండి.

'జ' కూడా అంతే. 'జడ' అన్నప్పటి జ, నాలుక తగలకుండా జారిస్తే అరబీ జా వస్తుంది. "అల్లజీన"లో ఉన్నది అది కాదు, జాల్. దానికి నాలుక కొన పైపళ్ల అంచుకి ఆనాలి, అద్దంలో చూస్తే కనపడాలి.

హమ్జా మీకు ఇప్పటికే వచ్చు. పసివాడు పొయ్యి దగ్గరికి పోతుంటే "అ-అ" అంటాం. మధ్యలో గొంతు మూసుకుని తెరుచుకుంటుంది, అదే హమ్జా. ఐన్‌కి గొంతు పూర్తిగా మూసుకోదు, నడిమిభాగం నొక్కుకుంటుంది, స్వరం ఆగకుండా సాగుతుంది. 1429లో కన్నుమూసిన పండితుడు ఇబ్నుల్ జజరీ తన తజ్‌వీద్ (ఖురాన్‌ని సరిగ్గా పలికే విద్య) పద్యాల్లో 17 ఉచ్చారణ స్థానాలు చెప్పాడు. అందులో గొంతువే మూడు, ఆరు అక్షరాలు. తెలుగు లిపిలో వాటికి సరిపోయే గుర్తు 'హ' ఒక్కటే. మీ పుస్తకం వేసినవాళ్లు మాత్రం ఏం చేస్తారు!

"వలద్దాల్లీన్"లో దాద్‌ని రాతలో నేర్పలేం. నాలుక పక్క అంచు పై దవడ పళ్లకి ఆనాలి. అది ద కాదు, జ కాదు. ఉస్తాదు ముందే నేర్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అందరికీ జజాకల్లాహ్. పుస్తకం పారేయలేదు. పెన్సిల్‌తో సాద్ ఉన్నచోట కింద గీత, ఖాఫ్‌కి చుక్క, ఐన్‌కి సున్నా పెట్టుకున్నాను. పాప ఖాయిదా చూసి చెబుతుంటే నేను గుర్తు పెట్టాను. ఫాతిహాలోనే ఐన్‌కి ఆరు సున్నాలు పడ్డాయి. పప్పు పోపు పెడుతూ కూడా అక్, అఖ్ అనుకుంటున్నాను.

"వస్సైఫ్" ఫోన్‌లో రికార్డు చేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన వినిపించాను. పాప కళ్లు మూసుకుని విని, "ఇది కత్తి, ఇది వేసవి" అని సరిగ్గా చెప్పింది. ఐన్ "నఅబుదు"లో వస్తోంది, అక్కడ ఆగడానికి చోటుంది కాబట్టేమో. "నస్తఈన్" దగ్గరికొచ్చేసరికి మళ్లీ హమ్జా అయిపోతోంది. ఏం చేయాలి ఆపా?

జవాబు 1

అక్కా, "నస్తఈన్" మొత్తం ఒక్కసారే అనకండి. "నస్త" దగ్గర ఆగి, "అఅ" అని ఐన్‌ని సుకూన్‌తో పట్టుకోండి, వదలకుండానే "ఈన్"లోకి జారండి. పదిసార్లు చేసి వాయిస్ మెసేజ్ పంపండి. ఇషా (రాత్రి నమాజు) అయ్యాక వింటాను.