స్మరణ సభలో బూతు దొర్లితే మైకు ఆపేయాలా?

మెడికల్ షాపు, కొర్లగుంట

ఈసారి, అంటే 2024లో, గాంధీ జయంతి, మహాలయ అమావాస్య ఒకే రోజు వచ్చాయి. సెలవు కదా అని తిరుపతిలో మా కాలనీ వాళ్లం పొద్దున ఇళ్లలో పెద్దలకు బట్టలు పెట్టుకుని, సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కోవిడ్‌లో పోయినవాళ్లను తలుచుకుంటూ చిన్న సభ పెట్టుకున్నాం. ఒకాయన లేచి, 2021లో తన తమ్ముడికి బ్లాక్ ఫంగస్ ఇంజక్షన్ దొరకని సంగతి మొదలుపెట్టాడు. మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఆ వెంటనే సభలో అనకూడని మాటలు వచ్చాయి. కమిటీ వాళ్లు మైకు ఆపేశారు. ఆయన టవల్‌తో మొహం తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. మైకు ఆపడం తప్పని నేనంటాను. మీరేమంటారు?

నా మాటకు కారణం ఉంది. ఆ మే నెలలో నేను కౌంటర్లో నిలబడ్డాను. ఆ ఇంజక్షన్ మందు ఆంఫోటెరిసిన్-బి కోసం చీటీ పట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. దాంట్లో లైపోసోమల్ అనే రకం ఒక్కో వయల్‌లో, అంటే చిన్న ఇంజక్షన్ సీసాలో, 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు చొప్పున వేస్తే, 60 కిలోల మనిషికి రోజుకు 6 వయల్స్ కావాలి. అదీ వారాల తరబడి. అంతకుముందు మా బోటి షాపుల్లో ఆ మందు అడిగేవాళ్లే లేరు, తయారీ కూడా దానికి తగ్గట్టే ఉండేది. దేశమంతా ఒక్కసారిగా అడిగేసరికి ఎక్కడా లేకుండా పోయింది. కేంద్రమే రాష్ట్రాలకు ఇన్నిన్ని అని పంచాల్సి వచ్చింది. జూన్ 12న జీఎస్టీ కౌన్సిల్ దాని మీద పన్ను ఎత్తేసింది. పన్ను తీసేసే నాటికి, ఆ చీటీలు తెచ్చినవాళ్లలో కొందరు మళ్లీ రావాల్సిన అవసరమే లేకుండా పోయింది.

స్టాక్ లేదని చెప్పడమే అప్పట్లో నా పని. అది విని తిట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల కోపం నా మీద కాదని నాకు తెలుసు. మొన్న సభలో మనం విన్నది రెండు మూడు బూతు మాటలే. ఆయన ఎన్ని ఊళ్లు తిరిగాడు, బ్లాక్‌లో ఎవరు ఎంత అడిగారు, చివరికి ఎన్ని వయల్స్ దొరికాయి అన్నది వినకుండానే పంపించేశాం.

కాలనీ కమిటీ సభ్యుడు

అన్నా, మైకు ఆపింది నేనే. ముందు వరసలో చిన్నపిల్లలు కూర్చున్నారు. బల్ల మీద పోయినవాళ్ల ఫొటోలు, వాటి ముందు దీపాలు. హాల్లో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకరు పోయినవాళ్లే. వాళ్లంతా ఏడవడానికి వచ్చారు, తిట్లు వినడానికి కాదు. చావింట్లో కూడా మాటకు హద్దు ఉంటుంది. మైకు ఆపడాన్ని సెన్సార్‌షిప్ అనలేం.

జాతర భక్తుడు

మనది గంగమ్మ ఊరు సామీ. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం కట్టినవాళ్లు వీధుల్లో బూతులు తిడుతుంటే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తాం. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాడి మీద అమ్మవారి కోపం అని పెద్దలు చెబుతారు. అన్యాయం చేసినవాడి మీద బూతు తిట్టడం మన ఊళ్లో మొక్కు కింద లెక్క. మందు దొరక్క తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషికి ఆపాటి హక్కు లేదా?

కాలనీ కమిటీ సభ్యుడు

జాతరకు చాటింపు ఉంటుంది, వేషం ఉంటుంది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఊరందరికీ తెలుసు. వేషం కడిగేసుకున్నాక ఎవరూ ఎవర్నీ తిట్టరు. దాన్ని తెచ్చి స్మరణ సభకు ముడిపెట్టకండి.

తిరుచానూరు రోడ్డు, లా స్టూడెంట్

చట్టం సంగతి చెబుతాను. కాలనీ కమిటీ ప్రభుత్వం కాదు కాబట్టి మైకు ఆపినందుకు రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఏ) కింద కోర్టుకు పోలేం. పైగా బహిరంగంగా అశ్లీలపు మాటలాడి ఇతరులకు ఇబ్బంది కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 296 కింద కేసు కూడా పెట్టొచ్చు. అయితే 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ బెంచ్ ఏం చెప్పిందో గుర్తు చేసుకోండి. ఆక్సిజన్ లేదు, మందు లేదు, బెడ్ లేదు అని జనం సోషల్ మీడియాలో మొరపెట్టుకుంటే వాళ్ల నోరు నొక్కకూడదని, నొక్కితే కోర్టు ధిక్కారంగా చూస్తామని హెచ్చరించింది. సరిగ్గా పది రోజులకు, మే 10 రాత్రి, మన రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది పోయారని ప్రభుత్వమే ప్రకటించింది. కొరత ఉందని గట్టిగా అరిచేవాళ్లు ఎందుకు కావాలో మన ఊరికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. కోర్టు కాపాడింది మొరను, బూతును కాదు. రెండూ ఒకే నోట వచ్చినప్పుడు ఏం చేయాలో మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు.

భవానీనగర్ అక్క

నేను ఆ సభలో ఉన్నాను. మా ఆయన ఫొటో కూడా ఆ బల్ల మీదే ఉంది. తమ్ముణ్ని పోగొట్టుకున్నాయన ఏమన్నాడో ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. మందుల స్టోర్లో ఉన్న మనిషిని కాదు, ఆ మనిషి తల్లిని అన్నాడు. మందు లేకపోవడానికి ఆమె ఏం చేసింది? ఎవరి మీద కోపం వచ్చినా తిట్టు మాత్రం వచ్చి ఆడవాళ్ల మీదే పడుతుంది. ఆ రోజుల్లో వార్డుల్లో స్టాఫ్ నర్సులు ఇవే మాటలు పడ్డారు. పీపీఈ కిట్ వేసుకుని, చెమటతో తడిసిపోయి, పక్కకు తిరిగి ఏడ్చిన పిల్లను నేను చూశాను. స్టోర్‌కు మందు తెప్పించడం ఆ పిల్ల చేతిలో ఉందా? జాతర పేరు చెప్పి దీన్ని వెనకేసుకు రావద్దు తమ్ముడూ. గంగమ్మ తిట్టింది పాలెగాణ్ని, వాడి అమ్మను కాదు.

ఇంత చెప్పినా, మైకు ఆగినప్పుడు నాకు ఇంకా ఎక్కువ కష్టం వేసింది. ఆయన చెబుతున్నది నేను పడ్డదే. చివరిదాకా విందామని కూర్చున్నా.

పలమనేరు రైతుబిడ్డ

మీరు 2021 గురించే మాట్లాడుతున్నారు. కొరత ఇప్పటికీ ఉందన్నా. మా మామ శెనక్కాయ చేలో కలుపు తీస్తుంటే రక్తపింజర కరిచింది. దగ్గర్లోని ఆసుపత్రిలో పాము విషానికి ఇంజక్షన్ రెండే వయల్స్ ఉన్నాయన్నారు. మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది దాకా పడతాయంట. రెండూ ఎక్కించి చిత్తూరుకు పంపారు. మనిషి బతికాడు గానీ కాలు ఇంకా సరిగ్గా రాలేదు. ఆ రోజు అంబులెన్సులో నేనేం మాట్లాడానో ఎవరైనా రికార్డు చేసుంటే నాకూ మైకు ఇవ్వరు.

మెడికల్ షాపు, కొర్లగుంట

అక్క చెప్పింది నిజం. తల్లిని, కులాన్ని అంటే అక్కడికక్కడే అడ్డు చెప్పాలి. అందుకు మైకు ఆపనక్కర్లేదు. కమిటీలో ఒకరు లేచి ఆయన భుజం మీద చెయ్యేసి, "ఆ మాట వద్దన్నా, మందు సంగతి చెప్పు" అంటే ఆయన కచ్చితంగా వినేవాడు. బూతును ఆపి మొరను ఉంచడానికి అంతకంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు.

పలమనేరు తమ్ముడూ, ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనిచ్చేది ఏపీఎంఎస్‌ఐడీసీ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎంతుందో ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ లెక్కలో ఎక్కిస్తారు. మామకు కరిచిన రోజున అక్కడ ఎంత స్టాక్ ఉంది, అంతకుముందు మందు కావాలని ఎప్పుడు ఇండెంట్ పెట్టారు అని తేదీతో సహా సమాచార హక్కు కింద అడుగు. నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీ రాయడం రాకపోతే నాకు మెసేజ్ పెట్టు, నేను రాసిస్తా.

కాలనీ కమిటీ సభ్యుడు

పిల్లల ముందు ఆ మాటలు ఆపాల్సిందే అని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన వెనకాలే ఎవరమూ బయటికి వెళ్లలేదన్నది నన్నూ పీకుతోంది. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ముందు ఆయన ఇంటికెళ్లి పిలవాలి. ఎవరొస్తారు?

భవానీనగర్ అక్క

నేనొస్తా. ఆ తిట్టు సంగతి ఆయన్ని నేనే అడుగుతా. అడిగాక మిగతాదంతా చెప్పమంటా. ఆ పూట ఎవరూ తొందరపెట్టకండి.