అమ్మ బయాప్సీలో "ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్" అని ఉంది. అంటే ఏమిటి?

శిరీష_ఖమ్మం:
అందరికీ నమస్కారం. అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ము పైన చర్మం కొద్దిగా లోపలికి లాక్కుపోయినట్టు ఉంటే చూపించాం. చేతికి గడ్డ తగల్లేదు, ఆ చోటు దళసరిగా ఉందంతే. మామోగ్రామ్‌లో కూడా గడ్డ అని తేల్చలేదు. బయాప్సీలో మాత్రం "ఇన్వేజివ్ లోబ్యులర్ కార్సినోమా, గ్రేడ్ 2" అని వచ్చింది, అంటే రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం అట. హార్మోన్ పరీక్షలు ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 అనే ప్రొటీన్ పరీక్ష నెగెటివ్. చివరి లైను: "ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్, పీ120 సైటోప్లాస్మిక్."

ఆపరేషన్, మాత్రల సంగతి డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. ఈ లైను నేను ఇంటికొచ్చాకే చూశాను. నెట్‌లో వెతికితే అది కణాల్ని కలిపి ఉంచే ప్రొటీన్ అనీ, అది పోతే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందనీ ఉంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. అమ్మది ముదిరిపోయిందనా? పైగా మా మేనమామ "గడ్డే లేదంటున్నారు, మరి కోత ఎందుకు?" అని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆయనకు నేను చెప్పగలిగేలా ఎవరైనా వివరిస్తారా?

రమణి_తెనాలి:
మా వదినకు ఇదే రకం. మామోగ్రామ్‌లో చిన్నదిగా కనిపించింది. ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐ తీస్తే అంతకంటే పెద్దదని తెలిసింది. మీరు కూడా ఎంఆర్‌ఐ గురించి ఒకమాట అడగండి. వదిన ఇప్పుడు మాత్రలు వాడుతూ స్కూల్లో పాఠాలు చెప్పుకుంటోంది. ధైర్యంగా ఉండండమ్మా.

పాథాలజీ_గుంటూరు:
శిరీష గారూ, ఆ చివరి లైను రాసేది, బయాప్సీ ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే నాలాంటి పాథాలజిస్టులే. అది జబ్బు రకాన్ని చెప్పే లైను. ఎంత ముదిరిందో దాన్నిబట్టి తెలియదు. అందుకు కణితి సైజు, చంకలోని లింఫు గ్రంథులు, గ్రేడు చూడాలి.

రొమ్ము పాలనాళాల్లో కణాలు మామూలుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక కణం పొరలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఈ-క్యాడ్‌హెరిన్, పక్క కణం మీది ఈ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకుంటుంది. దాని లోపలి కొస క్యాటెనిన్లనే ప్రొటీన్ల ద్వారా కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులకు ముడిపడి ఉంటుంది. నాలుగు వైపులా ఈ లాగుడు ఉండబట్టే కణం పలకలుగా, పక్కవాటికి ఆనుకుని నిలుస్తుంది. ఆ పట్టు పోయిందంటే కణం గుండ్రంగా అయిపోతుంది. లోబ్యులర్ రకంలో నూటికి సుమారు 90 కేసుల్లో ఈ ప్రొటీన్ ఉండదు. అంటే మీ అమ్మగారి రిపోర్టులో నెగెటివ్ రావడం ఆ రకానికి ఉండే లక్షణమే.

స్లైడు పెట్టగానే తేడా కనిపిస్తుంది. ఎక్కువమందికి వచ్చే డక్టల్ రకంలో కణాలు గుంపులు కట్టి, కొన్నిచోట్ల గొట్టాల్లా అల్లుకుని ఉంటాయి. లోబ్యులర్‌లో, కణాల చుట్టూ ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్ గులాబీ రంగు పోగుల సందుల్లో చిన్న చిన్న గుండ్రటి కణాలు ఒకదాని వెనక ఒకటి చీమల బారులా పోతుంటాయి. మధ్యలో బాగున్న పాలనాళం తగిలితే దాని చుట్టూ వలయాలుగా తిరుగుతాయి. కొన్ని కణాల లోపల చిన్న బొట్టు, దాని తోపుడుకి కేంద్రకం ఓ మూలకు ఒదిగి ఉంటుంది. సూది బయాప్సీలో వచ్చేది సన్నటి ముక్క. తక్కువ పవర్‌లో చూసి ఇవి వాపు ఉన్నచోట చేరే తెల్ల రక్తకణాలే అనుకునే ప్రమాదం ఉంది, అందుకే ఇలాంటి ముక్కను నేను తొందరగా వదలను.

తర్వాత రంగు పరీక్ష. ఈ-క్యాడ్‌హెరిన్ ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది. ముందు అదే ముక్కలో ఆరోగ్యంగా ఉన్న నాళాన్ని వెతుకుతాను. అక్కడ ప్రతి కణం చుట్టూ గోధుమ గీత స్పష్టంగా ఉండాలి. లేకపోతే రంగే సరిగ్గా పట్టలేదని మళ్లీ చేయిస్తాను. ఆ గీత ఉండి, క్యాన్సర్ కణాలు నీలంగానే మిగిలితే అప్పుడు నెగెటివ్ అని రాస్తాను. ఇక పీ120 అనేది ఈ-క్యాడ్‌హెరిన్ లోపలి కొసను అంటిపెట్టుకునే ప్రొటీన్. ఈ-క్యాడ్‌హెరిన్ లేకపోతే దానికి అంచున ఆధారం ఉండదు, కణమంతా పరుచుకుంటుంది. సైటోప్లాస్మిక్ అంటే అదే. రెండూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి రిపోర్టు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మీ మేనమామ గారికి ఇలా చెప్పండి: డక్టల్ రకంలో కణాలు కలిసికట్టుగా పెరిగి, చుట్టూ గట్టిపడి గడ్డగా చేతికి తగులుతాయి. ఇక్కడ కణాలు విడివిడిగా పోగుల మధ్య దూరిపోతాయి కాబట్టి గడ్డ కట్టకుండానే చాలా మేర పరుచుకోగలవు. గడ్డ లేకపోవడానికీ, రిపోర్టులోని ఆ నెగెటివ్‌కీ కారణం ఒక్కటే. గడ్డ లేదని ఆపరేషన్ వాయిదా వేస్తే నష్టపోయేది మీ అమ్మగారు. దయచేసి ఒప్పించండి. రమణి గారు చెప్పిన ఎంఆర్‌ఐ కూడా ఇందుకే పనికొస్తుంది.

కణకదలిక:
జర్మనీలో క్యాన్సర్ కణాల కదలిక మీద పనిచేస్తాను, ఒకటి కలుపుతాను. "ఈ-క్యాడ్‌హెరిన్ పోతే ఒళ్లంతా పాకుతుంది" అన్నది సగం మాటే. 2019లో జాన్స్ హాప్కిన్స్ బృందం ఎలుకల్లో డక్టల్ రకం రొమ్ము క్యాన్సర్ నమూనాల నుంచి ఈ-క్యాడ్‌హెరిన్‌ను తీసేసి చూసింది. కణాలు చుట్టుపక్కలకు ఎక్కువ చొచ్చుకుపోయాయి, కానీ దూరపు అవయవాల్లో కొత్త కణితులు బాగా తగ్గాయి. విడిపోయిన కణాలు చాలావరకు దారిలోనే చచ్చిపోయాయి. రక్తంలో ఒంటరి కణాలకన్నా గుత్తులుగా తిరిగేవే ఎక్కువగా వేరే చోట నాటుకుంటాయని 2014లోనే మరో బృందం చూపించింది.

కదలాలన్నా పట్టు కావాలి. అక్కడ పనిచేసేవి కణం పొర మీది ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లు. బయట కొలాజెన్‌ను, లోపల టాలిన్, విన్‌క్యులిన్ అనే ప్రొటీన్ల ద్వారా ఆక్టిన్‌ను పట్టుకుంటాయి. కణం ముందు కొత్త పట్టు వేసి, వెనక పాతది వదులుతుంది. పట్టు మరీ గట్టిదైతే అక్కడే అతుక్కుపోతుంది, మరీ వదులైతే జారుతుంది. గట్టి పట్టున్న కణం కదురులా సాగుతుంది, తక్కువున్నది గుండ్రంగా మారి సందుల్లోంచి నొక్కుకుని పోతుంది. ఒక దారి మూస్తే రెండోది పట్టుకునే కణాలూ ఉన్నాయి. ఇంటెగ్రిన్లను అడ్డుకునే సిలెంజిటైడ్ మందు మెదడు క్యాన్సర్‌లో చివరి దశ ట్రయల్‌లో ఫలితం ఇవ్వలేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ అది పెద్ద నిరాశే.

శిరీష_ఖమ్మం:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మామయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను, ఒప్పుకున్నాడు. ఇంకో రెండు డౌట్లు. ఈ ప్రొటీన్‌కు కాల్షియంతో సంబంధం అని చదివాను. అమ్మ వాడే కాల్షియం మాత్రలు ఆపాలా? నాకూ చెల్లికీ జన్యు పరీక్ష అవసరమా?

పాథాలజీ_గుంటూరు:
మాత్రలు ఆపొద్దు. క్యాడ్‌హెరిన్లు పట్టు నిలుపుకోవాలంటే కాల్షియం కావాలన్నది నిజమే. జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకెయిచి 1970ల్లో అలాగే వాటి జాడ పట్టారు. అయితే రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరమే సరిచూసుకుంటుంది, పైగా అమ్మగారి కణితిలో ఆ ప్రొటీనే లేదు. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ లాంటి మాత్ర ఇస్తే ఎముకలు పలచబడతాయి, అప్పుడు కాల్షియం మరింత అవసరం.

ఈ-క్యాడ్‌హెరిన్‌ను తయారుచేసే జన్యువు సీడీహెచ్1. ఎక్కువమందిలో అది కణితి కణాల్లోనే చెడిపోతుంది, పిల్లలకు రాదు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే వస్తుంది. 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరాలుగా కడుపు క్యాన్సర్ రావడానికి ఇదే కారణమని తేలింది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా "డిఫ్యూజ్" లేదా "సిగ్నెట్ రింగ్" రకం కడుపు క్యాన్సర్ వచ్చిందా? చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ గానీ, రెండు రొమ్ముల్లోనూ లోబ్యులర్ గానీ వచ్చినవాళ్లు ఉన్నారా? ఉంటే ముందు అమ్మగారికి, ఆమెలో తేలితేనే మీకు పరీక్ష. లేకపోయినా మీరిద్దరూ మామోగ్రామ్ ఏ వయసు నుంచి మొదలుపెట్టాలో డాక్టర్‌ను అడగండి.

ఇంకొకటి. ఈ రకం కొన్నిసార్లు కడుపు పొరల్లోకి, అండాశయాల్లోకి వెళ్తుంది, అదీ చాలా ఏళ్ల తర్వాత. చికిత్స అయ్యాక ఎప్పుడైనా పొట్ట ఉబ్బరం, ఆకలి లేకపోవడం వదలకుండా ఉంటే గ్యాస్ అని సరిపెట్టుకోకుండా పాత జబ్బు సంగతి డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ తర్వాత వచ్చే పూర్తి రిపోర్టు, పేరూ ఆస్పత్రి నంబరూ చెరిపేసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.