అప్‌డేట్: పార్కింగ్ గొడవ కేసులో తీర్పు వచ్చింది

2023లో పార్కింగ్ దగ్గర పక్కింటాయన నన్ను కొడితే పెదవి చీలి 3 కుట్లు పడ్డాయని, అతనికి జైలు పడుతుందా అని అడిగాను కదా. పడలేదు. నేరం రుజువైంది, 1,000 రూపాయల జరిమానా వేశారు. అక్కడే కట్టేసి వెళ్లిపోయాడు.

పాత శిక్షాస్మృతి ఐపీసీలో కొట్టి మామూలు గాయం చేసినందుకు పెట్టే సెక్షన్ 323 కింద గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 1,000 జరిమానా, లేదా రెండూ. దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో జరిమానా 10,000 దాకా ఉంది. నా గొడవ అంతకుముందుది, కాబట్టి పాత లెక్కే.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. మందులకే 4,000 దాటింది, వాయిదాలకు పోయిన సెలవులు వేరే. పరిహారం అడగొచ్చు కదా అంటే లాయరు గారు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 357 చూపించారు. శిక్షలో జరిమానా ఉంటే పరిహారం అందులోంచే ఇవ్వాలట. అంటే ఎంత వచ్చినా 1,000 దాటదు! అదే ప్రొబేషన్ మీద, అంటే శిక్ష వేయకుండా మంచి నడవడి షరతుతో వదిలేసి ఉంటే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద తగినంత పరిహారం ఇప్పించే వీలుండేది. నిజానికి అతన్ని జైలుకు పంపాలని నాకూ లేదు, ఖర్చులు వస్తే చాలనుకున్నా.

శిక్ష చాల్లేదని బాధితుడు అప్పీలుకు వెళ్లలేడు, అది ప్రభుత్వం చేయాలి. పరిహారం తక్కువైందని మాత్రం వెళ్లొచ్చు. నాకు ఇమ్మన్నది 700. మిగతా 300 కోసం మళ్లీ కోర్టా? మా ఆవిడ ముందే దణ్ణం పెట్టేసింది.